బెజవాడకు నలభై అయిదు నిమిషాలు

మా ఆయన పోయిన పదకొండో రోజున, ఆయనతో కలిసి పనిచేసిన ఒక పెద్దమనిషి లేచి నిలబడి, ఈయన గాలితో మాట్లాడేవాడు అని చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. విన్నవాళ్ళు తలలూపారు. నాకు మాత్రం ఆ మాట ఆయనకు అతకదనిపించింది. ఆయన గాలితో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. గాలిని చూసి, గడియారం చూసి, పుస్తకంలో రాసుకునేవాడు. ఆయన్ని గౌరవించడానికి నాకు అది చాలు. నేను హనుమకొండలో ఒక కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్ళు పనిచేశాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనుషులు వాళ్ళను ఎంత పెద్దవాళ్ళను చేస్తారో, చివరికి ఎట్లా గుర్తుపట్టలేకుండా చేస్తారో, పుస్తకాల్లో చూశాను. అందుకని నాకు తెలిసినంత వరకే రాస్తాను.

డెబ్భైల్లో వరంగల్‌కు విమానాలు వచ్చేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఊరు దాటి ఖమ్మం రోడ్డు మీద కొంత దూరం పోతే నిజాం కాలం నాటి పెద్ద రన్‌వే ఉండేది. విమానాలు రోజూ వచ్చేవి కావు. వారంలో ఒకటో రెండో, రెండు ఇంజన్ల చిన్నవి, ఎక్కువగా ప్రభుత్వం పని మీద తిరిగే అధికారులవి. కొన్ని పట్నం నుంచి, కొన్ని బెజవాడ నుంచి వచ్చేవి. అక్కడ ఉన్నదల్లా ఒక గది, ఒక నల్ల ఫోను, వరసగా ఇసుక బకెట్లు, ఒక పొడుగాటి స్తంభం. మనుషులు ఇద్దరే. మా ఆయన, ఒక ముసలి వాచ్‌మన్. ఫోను ఎత్తడం, టైము రాయడం, రన్‌వే మీద గొడ్లు లేకుండా చూడటం, స్తంభానికి గాలి సంచి కట్టడం మా ఆయన పని. గాలి సంచి అంటే రెండు వైపులా తెరిచి ఉన్న గుడ్డ గొట్టం. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. ఎంత గట్టిగా వీస్తే అంత అడ్డంగా లేస్తుంది. పైలట్లు పైనుంచి దాన్ని చూసుకుని దిగుతారు.

నేను బెజవాడ నుంచి వచ్చాను. మా నాన్నది వరంగల్ దగ్గరి పల్లెటూరే అయినా రైల్వేలో ఉద్యోగం వచ్చి అక్కడే ఉండిపోయాడు. పెళ్ళయి, కోట దగ్గర ఈయన ఉండే అద్దె ఇంటికి వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి మాటా కొత్తే, కూర కారమూ కొత్తే. ఒకరోజు వంట చేస్తూ ఏడుస్తుంటే చూసి, ఏమైందని అడిగాడు. మా ఊరు చాలా దూరమైపోయిందన్నాను.

"నలభై అయిదు నిమిషాలు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ప్యాసింజర్ బండిలో ట్రంకుపెట్టె మీద కూర్చుని సగం రోజు ప్రయాణం చేసి వచ్చినదాన్ని. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఆ ఆదివారం నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తన పనిచోటుకు తీసుకుపోయాడు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి గడియారం చూసి, ఇప్పుడు మీ ఊళ్ళో విమానం లేచి ఉంటుంది అన్నాడు. మేం టీ తాగి, మిగతా దారి తొక్కి, గది తాళం తీసి, కుండలో నీళ్ళు తాగి కూర్చున్నాక, ఆగ్నేయం వైపు ఒక చుక్క కనిపించింది. అది దిగి, తలుపు తెరుచుకుని, మనుషులు బయటికి వచ్చారు. ఒకాయన చేతిలో మా బెజవాడ మిఠాయి కొట్టు సంచి ఉంది. మా వీధి చివరి కొట్టు అది. దాన్ని చూస్తూ నిలబడిపోయాను. ఆయన తన పుస్తకం తెరిచి టైము రాసుకున్నాడు.

ఆ పుస్తకం ఆయన సొంతం. ఆఫీసుకు పంపే రిజిస్టరు వేరే ఉండేది. ఈ పుస్తకంలో ప్రతి విమానానికీ ఒక వరస. అక్కడ లేచిన టైము, ఇక్కడ దిగిన టైము, గాలి ఎటు నుంచి, సంచి ఎంత లేచింది, దూరాన ఇటుక బట్టీ పొగ ఎటు వంగింది. బెజవాడకూ మాకూ ఆకాశంలో రెండు వందల కిలోమీటర్లు ఉంటుంది. అది మారదు. నిమిషాలు మాత్రం రోజుకో రకంగా ఉండేవి. ఎదురుగాలి ఉంటే యాభై దాటేవి, వెనక గాలి ఉంటే నలభైకి దగ్గరగా వచ్చేవి. కింద గాలీ పైన గాలీ ఒకటి కాదని ఆయనకు తెలుసు. కానీ కింద ఇట్లా ఉన్నప్పుడు పైన ఎట్లా ఉంటుందో ఆరేళ్ళ వరసలు చూసి ఒక అంచనా కట్టుకున్నాడు. ఒక పైలట్ నమ్మక, మరుసటి సారి నేను దిగే టైము ముందే తలుపు మీద రాసి పెట్టు అన్నాడట. ఈయన సుద్దముక్కతో రాసి పెట్టాడు. అతను దిగి వచ్చి తలుపు చూసి, తన గడియారం చూసుకుని, టీ నేనే తాగిస్తానన్నాడని వాచ్‌మన్ నాకు చాలాసార్లు చెప్పాడు. మా ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

అప్పటికి ఆయన ఉద్యోగం టెంపరరీ. ఆరేళ్ళుగా టెంపరరీ. ఒక ఆఫీసరు వచ్చి విమానాల మైదానం చూసి, పనితీరు బాగుందని రాస్తే పర్మనెంట్ అవుతుందని చెప్పారు. ఆ రాక కోసం మేం రెండేళ్ళు చూశాం. మాకు అప్పటికి ఒక పాప. ఉద్యోగం నిలబడితే అద్దె ఇల్లు మారి హనుమకొండలో నా లైబ్రరీ దగ్గర ఉండాలని నా ఆశ.

మిరపకాయల సంగతి ఇక్కడ చెప్పాలి. రన్‌వే పక్క ఊరి వాళ్ళు మిరప వేసేవాళ్ళు. కోసిన కాయ ఎండబెట్టడానికి రన్‌వే అంత మంచి చోటు లేదు. దుమ్ము లేదు, తడి లేదు, కింద నుంచి వేడి. మొదట్లో వాళ్ళు దొంగతనంగా పోసుకునేవాళ్ళు, వాచ్‌మన్ తరిమేవాడు. ఈయన వచ్చాక ఒక పద్ధతి పెట్టాడు. విమానం లేని రోజుల్లో ఒక కొసన పోసుకోవచ్చు. గది ముందు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మోగితే మాత్రం, ఎవరు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి అరగంటలో ఎత్తేయాలి. అరగంట ఎందుకంటే, బెజవాడలో విమానం లేచిందని ఫోను వచ్చేసరికి ఎంత లేదన్నా పది నిమిషాలు అవుతుంది. మిగిలేది అంతే. వాళ్ళు ఆ మాట తప్పలేదు. చీపుర్లు, తట్టలు, గోనెసంచులు పక్కనే పెట్టుకునేవాళ్ళు. రూలు ప్రకారం ఇది తప్పే. ఆయన దాచలేదు, పై వాళ్ళు అడగలేదు.

ఆ ఏడు ఎండలు మొదలు కాకముందే గాలి సంచి పీలికలైంది. కొత్తది పంపమని రాశాడు. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. ఇంకోసారి రాశాడు, అదే జవాబు. నేను కుడతానన్నాను. మా వీధి వెనక మగ్గాల ఇళ్ళు ఉండేవి. ఒక ఇంటికి పోయి బట్ట అడిగాను. ఆమె రెండు రకాలు చూపించింది, ఒకటి పలుచన, ఒకటి దళసరి. పాతది చిరిగిపోయిందన్న బాధతో నేను దళసరిది తీసుకున్నాను. కొలతలు చెప్తే ఆమె నా ముఖం చూసింది.

"ఇదేం లాగు వదినా, ఒక్క కాలుదే?" అంది. "మా అన్న ఇంకో కాలు ఎండల్నే పెట్టుకుంటడా?"

నారింజ రంగు అద్దించి, రెండు కుట్లు వేసి, మడత గట్టిగా కుట్టాను. నా చేతి పని మీద నాకు కొంచెం గర్వం ఉండేది. ఆయన స్తంభానికి కట్టి, కిందికి వచ్చి చాలాసేపు చూసి, మంచిగున్నది అన్నాడు. ఆ తర్వాత కొన్ని వారాలకు, ఈ ఏడు గాలి మెత్తగున్నది అని ఒకసారి అన్నట్టు గుర్తు. నేను పట్టించుకోలేదు.

ఆఫీసరు సోమవారం వస్తాడని కబురు వచ్చింది. ఆదివారం సాయంత్రానికల్లా మిరపకాయ అంతా తీసేయాలని ఆయన ఊరివాళ్ళతో చెప్పాడు. ఆదివారం నాకు సెలవు. పాపను పక్కింట్లో ఉంచి, అన్నం గిన్నె పట్టుకుని బస్సులో పోయాను. కాయ పోసిన వాళ్ళలో ఒక అవ్వ ఉండేది. ఏడాదంతా రెక్కలు ముక్కలు చేసుకుని పండించిన కాయ ఆమెది, అంతా ఆ రోజు అక్కడే ఉంది. గోనెలు ఎగిరిపోకుండా వాటి మీద రాళ్ళు పెట్టుకుంటూ, నన్ను చూసి, పట్నపు బిడ్డా, కారం మాడుకెక్కుతది జర దూరంగ నిలబడు అంది. బెజవాడ నుంచి వచ్చినదాన్నని నన్ను ఆమె ఎప్పుడూ పట్నపు బిడ్డ అనే పిలిచేది.

పొద్దు బాగా ఎక్కాక ఫోను మోగింది. బెజవాడ నుంచి. ఆఫీసరు పని ముందే అయిపోయింది, ఇవాళే వస్తున్నాడు, విమానం లేచి పద్నాలుగు నిమిషాలైంది.

ఆయన బయటికి వచ్చి గాలి సంచి చూశాడు. సంచి కొద్దిగా లేచి, మళ్ళీ వాలుతోంది. వెనక గాలి కొంచెమే ఉంది, నలభై నాలుగు పడుతుంది, మనకు ముప్ఫై ఉన్నాయి అన్నాడు. చాలినంత టైము. రైలు పట్టా మోగించాడు. అందరూ వచ్చారు. ఆయనా చీపురు తీసుకున్నాడు. నేనూ చీర చెంగు ముక్కుకు కట్టుకుని తట్ట పట్టుకున్నాను. ఎవరూ కంగారు పడలేదు. ఎన్నోసార్లు చేసిన పనే. ఆయన చెప్పిన నిమిషం ఎప్పుడూ తప్పలేదు కాబట్టి, ఆ నిమిషానికి తగ్గట్టే చేతులు ఆడుతున్నాయి.

ముప్ఫై నిమిషాలు కాలేదు. ఇంకా ఆరు నిమిషాలు ఉండగానే చప్పుడు వినపడింది.

తల ఎత్తి చూస్తే విమానం కిందికి దిగుతోంది. రన్‌వే మీద ఇంకా ఐదో వంతు కాయ ఉంది, అదంతా అవ్వదే. ఆయన చీపురు పడేసి, గదిలోకి ఉరికి ఎర్రజెండా తెచ్చి, రన్‌వే నడుమ నిలబడి ఊపాడు. విమానం మా తలల మీద నుంచి గర్జించుకుంటూ పైకి లేచి తిరిగింది. అవ్వ తట్ట వదిలేసి, ఇడిసిపెట్టు కొడుకా, నీ నౌకరి పోతది, దిగనియ్యి అంది. ఆయన తల కూడా తిప్పలేదు. చక్రాల కింద కాయలు పడితే ఏమవుతుందో తనకు తెలియదని, తెలియని దాని మీద విమానాన్ని దింపనని తర్వాత నాతో అన్నాడు. విమానం రెండు చుట్లు తిరిగేలోపు కాయంతా ఎత్తి గట్టు మీద పోశాం. అప్పుడు జెండా దించాడు.

ఆఫీసరు దిగాడు. దిగుతూనే తుమ్మాడు. పైలట్ తుమ్మాడు. గాలి నిండా కారం. ఆఫీసరు కళ్ళు తుడుచుకుంటూ, ఎందుకు దిగనివ్వలేదని అడిగాడు. వాచ్‌మన్ మా ఆయన వెనక నిలబడి ఉన్నాడు.

"గొడ్లొచ్చినయని చెప్పు సారూ," అని మెల్లగా అన్నాడు. గొడ్లు రావడం అన్ని మైదానాల్లోనూ జరిగేదే, దానికి ఎవరినీ ఏమీ అనరు.

"మిరపకాయలు ఉండె సార్," అన్నాడు మా ఆయన. "నేనే పోసుకోమన్న. టైముకు తీసేద్దమనుకున్న. లెక్క తప్పిన."

ఎందుకు తప్పావని ఆఫీసరు అడిగాడు. మా ఆయన తెలియదని చెప్పాడు. ఇప్పుడే చూస్తానని, స్తంభం దగ్గరికి పోయాడు. సంచి దించి చేతిలోకి తీసుకుని, గదిలో మూలన ఉన్న పాత సంచి పీలిక తెచ్చి, ఒక్కో చేతిలో ఒక్కోటి పట్టుకుని నిలబడ్డాడు. గాలికి పాత పీలిక చేతి నుంచి అడ్డంగా లేచి కొట్టుకుంటోంది. నేను కుట్టింది సగం లేచి, వాలింది. నాకు అప్పుడే అర్థమైంది. ఆయనకు నాకంటే ముందే అర్థమై ఉంటుంది.

వెనక్కి వచ్చి, సంచి బరువుగా ఉంది సార్, గాలి ఉన్నంత చూపిస్తలేదు, ఇన్ని రోజులు పైలట్లు కూడా దీన్నే చూసుకుని దిగిన్రు, అది కూడా తప్పే అన్నాడు. ఆ చివరి ముక్క ఎవరూ అడగలేదు. పైలట్ ఆయన వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం లేదు అందులో. ఆఫీసరు మాత్రం అంతా కాయితం మీద రాసి పంపమన్నాడు. మైదానం చూడకుండానే, కళ్ళు తుడుచుకుంటూ జీపెక్కి పోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం సైకిలు మీద వచ్చాం. వెనక నుంచి గాలి తోస్తోంది, సైకిలు తొక్కకుండానే పోతోంది. వరంగల్ కనిపించాక ఆయన అన్నాడు.

"పొద్దున అటు పోతాంటె ఎంత బరువు తొక్కిన్నో. ఎదురుగాలి. కాళ్ళకు తెల్సింది. కండ్లతోటి సంచిని చూసి, కాళ్ళ మాట ఇన్లే."

ఇంటికి వచ్చి అన్నం తిన్నాక, మగ్గాల ఇంటికి పోయి పలుచటి బట్ట తెమ్మన్నాడు. బుధవారం విమానం ఉంది, ఇంకో సంచి కుట్టాలి అన్నాడు. ఇంకా నన్నే కుట్టమంటున్నాడు. ఆ మాట అంత మామూలుగా అన్నాడు. తెచ్చి, కుట్టడం మొదలుపెట్టాను. ఆయన పక్కన కూర్చుని, పాత పీలికను చింతపండు తూచే చిన్న తరాజులో ఒక పళ్ళెంలో పెట్టి, అంతే కొలతకు కత్తిరించిన కొత్త బట్ట రెండో పళ్ళెంలో పెట్టి చూస్తూ ఉన్నాడు.

తర్వాత సంజాయిషీ రాయాలి. నా దస్తూరి బాగుంటుందని ఎప్పుడూ సాఫు కాపీ నాచేతే రాయించేవాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. మిరపకాయల సంగతి, ఫోను వచ్చిన టైము, లెక్క వేసిన తీరు, ఒక్కటీ వదల్లేదు. గాలి సంచి దగ్గరికి వచ్చేసరికి నేను ఆగాను. కుట్టింది నేనని రాస్తాను, దళసరి బట్ట తెచ్చిందీ నేనే, ఆ సంగతి తెలిస్తే వాళ్ళు మిమ్మల్ని అంతగా తప్పుపట్టరు అన్నాను.

"రాయకు," అన్నాడు. "నువ్వు వాళ్ళ నౌకరివి గాదు. కట్టిన్నాడే పాతదాంతోటి పక్కపక్కన పెట్టి చూడాలె. నేను చూడలే."

ఎందుకు చూడలేదని అడిగాను. ఏ వస్తువు వచ్చినా పక్కన పెట్టి పోల్చి చూసే మనిషి ఆయన. గడియారాన్ని కూడా వారానికోసారి స్టేషను గడియారంతో సరిచూసుకునేవాడు.

తరాజులోంచి పీలిక తీసి మడిచాడు. "నువ్వు కుట్టినవని," అన్నాడు. "ఇగ రాయి."

రాశాను. "కొత్త సంచిని పాతదానితో పోల్చి చూడకపోవడం నా తప్పు" అని ఆయన చెప్పినట్టే రాశాను. ఆయన సంతకం చేశాడు.

నెల తిరగకుండానే పై ఆఫీసు నుంచి అసలైన గాలి సంచి పార్సిల్లో వచ్చింది. రెండుసార్లు అడిగితే రానిది. దాంతోపాటు ఒక కాయితం, పర్మనెంట్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టినట్టు. ఆ ప్రస్తుతం ఎప్పటికీ కదల్లేదు. రన్‌వే మీద కాయ పోయడం మాన్పించారు. అవ్వ ఆ ఏడు కాయంతా మార్కెట్టుకు చేర్చింది. ఆమె ఒకసారి మా ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చుని, ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేది కొడుకా అని ఆయన్ని చాలాసేపు తిట్టి, చాయ్ తాగి పోయింది. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు.

ఎనభైలు మొదలయ్యాక మా మైదానానికి విమానాలు ఆగిపోయాయి. టెంపరరీ వాళ్ళకు వేరే చోటు ఇవ్వలేదు. ఆయన బస్టాండులో టైము రాసే పనిలో చేరాడు. నాకు చాలా కాలం కోపం ఉండేది, ఎవరి మీదో సరిగ్గా తెలియదు. ఆయనకు లేదు. మరిపెడ నుంచి వచ్చే బస్సు ఏ రోజు ఎన్ని నిమిషాలు ఆలస్యమో, ఏ వాగు దగ్గర ఎందుకు ఆగుతుందో రాసుకోవడానికి ఇంకో పుస్తకం మొదలుపెట్టాడు. మేం హనుమకొండకు మారలేదు. నేను రోజూ బస్సులోనే లైబ్రరీకి పోయి వచ్చాను. మేమిద్దరం ఎప్పుడూ విమానం ఎక్కలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా రైల్లోనే, నాలుగు గంటల పైన, నిలబడి పోయాం. దారంతా ఆయన నా ట్రంకుపెట్టె పట్టుకుని ఉన్నాడు. నలభై అయిదు నిమిషాలని ఆ రోజు అనలేదు.

ఆయన పోయాక పాత పుస్తకం తెరిచాను. ఆ ఆదివారం వరస కూడా మిగతా వాటిలాగే ఉంది. లేచిన టైము, దిగిన టైము, పైన తిరిగిన నిమిషాలు. గాలి అని ఉన్న చోట, తప్పు చూసిన, అని రాసుకున్నాడు. పేజీల మధ్య ఆ సంజాయిషీ నకలు మడిచి పెట్టి ఉంది. మాటలు ఆయనవి, దస్తూరి నాది. మొదటి నుంచి చివరి దాకా చదివాను. అందులో జరిగిందంతా ఉంది, ఒక్కటి తప్ప. దళసరి బట్ట ఎంచింది నేను. కుట్టింది నేను. అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కాబట్టి ఇక్కడ రాశాను.